పెళ్ళికూతురి అభ్యంతరం

ఒక నిజం ముందే చెప్పేస్తాను. నార్వే మ్యాప్‌లో ఎక్కడుందో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఈ కథలో ఎస్తేరుకి మాత్రం బాగా తెలుసు. అనుమానం వచ్చిన ఆడపిల్లకి భూగోళం భలే వంటబడుతుంది.

ఎస్తేరుది పాకాల. తిరుపతిలో ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. అన్నీ సరిగ్గా నడుస్తున్నాయంటే నమ్మకపోవడమే ఆమె ఉద్యోగం. జోయల్ పాకాల చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, ఇంటి వెనక గదిలో పాటలు మిక్సింగ్ చేస్తాడు. ఇద్దరికీ పెళ్ళి కుదిరింది. చర్చిలో రెండు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదివారు. మూడోసారి కూడా చదివాక, ఎవరికీ అభ్యంతరం లేకపోతే పెళ్ళే.

మధ్యలో ఈ యోరున్ వచ్చిపడింది.

పోయినేడాది దాకా నార్వేలో తన మంచం మీద కూర్చుని గిటార్ వాయించుకున్న పిల్ల. అప్పట్లో ఆమె పాటలు వినేవాళ్ళంతా ఒక షేర్ ఆటోలో పట్టేసేవాళ్ళు. అందులో జోయల్ ఒకడు. ఇప్పుడేమో ఆమె కచేరీకి టికెట్లు దొరకడం లేదట. అంత పెద్ద స్టార్, పాకాల కుర్రాడికి రోజూ మెసేజ్ ఎందుకు పెడుతుంది?

శనివారం సాయంత్రం ఎస్తేరు రైలు దిగేసరికి వాన. స్టేషన్ రేకుల కింద జోయల్ ఫోన్ చూసి నవ్వుకుంటున్నాడు. ఎస్తేరు తొంగి చూసింది. యోరున్ పేరు, పక్కన ఎర్ర గుండె బొమ్మ.

"ఎవరికి జోయలూ ఆ గుండె?"

"ఆ పాప అందరికీ పెడతాది మే. ఆడ చలి గదా."

"చలికి స్వెట్టర్ ఏసుకుంటారు. ఫోన్ ఇయ్యి, సూస్తాను."

జోయల్ ఫోన్ జేబులో పెట్టేశాడు. "రేపటి దాకా ఆగు. చెప్పనని మాటిచ్చినా."

"ఎవరికి? ఆ యమ్మికా?"

అతను జేబుని చేత్తో అదిమిపట్టుకున్నాడు. ఎస్తేరు వానలో తడుస్తూ ఇంటికి నడిచింది.

ఆదివారం పాస్టరు అయ్యగారు మూడో ప్రకటన చదివారు. "ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పవలెను." అలా అడిగినప్పుడు ఎప్పుడూ ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేం వినపడదు.

"నాకుండాది అయ్యగారూ."

అందరూ తిరిగి చూశారు. నిలబడింది పెళ్ళికూతురే.

"కూసోమే, పరువు తీస్తా ఉండావు!" నాయన ఆమె చీర కొంగు పట్టి లాగాడు.

"నీ పెళ్ళికి నువ్వే అభ్యంతరమా తల్లీ?" అయ్యగారు కళ్ళజోడు తీశారు.

"ఆ నార్వే పాప ఎవరో చెప్పమనండి. చెప్పినాకనే పెళ్ళి."

జోయల్ లేచి, ఫోన్‌ని స్పీకర్‌కి తగిలించాడు. పొద్దున్నే విడుదలైన యోరున్ పాట. అర్థంకాని భాష, పల్చటి గొంతు, వెనక చప్పట్లు. అందులో ఒక చప్పట మాత్రం మిగతావాటి వెనకాల, బస్సు తప్పినట్టు ఒంటరిగా.

పాటల గుంపుని నడిపే కృపారాణమ్మ ఎగిరి లేచింది. "ఓయమ్మా! ఇది మన ఎస్తేరు చప్పటే! ఎన్ని తూర్లు తిట్టినా లేటుగానే కొడతాది!"

చర్చి గొల్లుమంది.

"ఆ పాప తన పాటకి చప్పట్లు కావాలంటే, మన ప్రాక్టీసు రికార్డింగు పంపినా," అన్నాడు జోయల్. "లేటు చప్పట తీసేయమనింది. అది తీస్తే నా పాకాల ఉండదు, రికార్డింగే వద్దులే అని చెప్పినా. అప్పుడడిగింది, ఎవరిది ఆ చప్పటని."

మెసేజ్ చూపించాడు. 'లేటుగా చప్పట్లు కొట్టే అమ్మాయికి నా ప్రేమ' అని ఉంది ఇంగ్లీషులో. పక్కన ఎర్ర గుండె. పాట కింద వాయిద్యాల పేర్ల తర్వాత: 'చప్పట్లు: ఎస్తేరు, పాకాల.'

"నన్నడక్కుండా పంపినావు," అంది ఎస్తేరు. గొంతులో కోపం సగమే ఉంది.

"తప్పే. పాట వచ్చేదాకా చెప్పనని ఆ పాపకి మాటిచ్చినా, నీకు సర్‌ప్రైజ్ అనుకున్నా. ఇంకెప్పుడూ సెయ్యను."

"అయితే అభ్యంతరం ఉన్నట్టా, లేనట్టా?" అయ్యగారు అడిగారు.

అందరూ ఎదురుచూశారు. జోయల్ నుదుటి మీద చెమట. ఎస్తేరు జవాబు ఎప్పట్లాగే ఒక్క తాళం వెనకాల వచ్చింది.

"లేదు అయ్యగారూ."

మీరూ ఎవరి ఫోన్ వైపైనా ఇలా గుడ్లురిమి చూశారా? చివరికి అందులో మీరే కనిపించారా? నాకు రాయండి. ఆలస్యమైనా ఏం పర్లేదు.