సేనాపతి ఒరబిళ్ళ

ఊరికి ఉత్తరాన ఉన్న, రెండు వేల ఏళ్ల కిందటి హాన్ రాజుల నాటి సేనాపతి సమాధి దిబ్బకి మహా చెడ్డ పేరు. చీకటి పడ్డాక ఆయన కత్తి కట్టుకుని తిరుగుతాడనీ, ఒర మోకాలికి తగిలి టక్... టక్... మంటుందనీ చెప్పుకునేవారు.

ఆ పుకారు పుట్టించింది జేడ్ రాయి చెక్కే ఖువాంగ్. కొత్త సరుకుని చచ్చిన కుక్క పొట్టలో పెట్టి పాతిపెడితే, ఏడాది తిరిగేసరికి రెండు వేల ఏళ్ల రంగొస్తుంది. మరి పాతిన చోట జనం తిరగకూడదు కదా!

ఈసారి పాతింది ఒరబిళ్ళ — కత్తి ఒరని నడికట్టుకు తగిలించే జేడ్ ముక్క. మర్నాడు పొద్దున్నే పాత వస్తువుల నిపుణుడు లౌ చూడ్డానికి వస్తున్నాడు. ఇప్పటికే మూడుసార్లు నకిలీ అని ముఖాన కొట్టాడు. ఈసారీ అదే మాటంటే ఇక దుకాణం మూసుకోవాల్సిందే.

ఆ రాత్రి ఖువాంగ్ దిబ్బ పక్కన తవ్వి, బిళ్ళ తీసి తుడుచుకున్నాడు.

టక్... టక్...

తను పుట్టించిన పుకారే! అయినా కాళ్లు కదల్లేదు. చల్లటి వేళ్లేవో బిళ్ళ లాక్కున్నాయి.

"ఏ కాలంది?" చెవి పక్కనే గుసగుస.

ప్రాణం పోతున్నా నోరు అలవాటు మానలేదు. "హాన్... హాన్ కాలందండీ. అసలు సిసలు సరుకు."

చీకట్లో ఏదో విప్పి కట్టుకున్న చప్పుడు... బిళ్ళ మళ్లీ అరచేతిలో పడింది. ఖువాంగ్ వెనక్కి చూడకుండా పరుగు లంకించుకున్నాడు.

పొద్దున లౌ భూతద్దమైనా బయటికి తియ్యలేదు. "పాతదనిపించాలని అంచు కావాలనే విరగ్గొట్టావు. ఎన్నాళ్లయ్యా ఈ వేషాలు?"

రాత్రి పరుగులో విరిగిందనుకున్నాడు ఖువాంగ్. సిగ్గుతో చచ్చిపోయాడు. "నేనే చెక్కానండీ. మా తాతల మీద ఒట్టు," అని వీధి వీధంతా చూస్తుండగా చెంపలేసుకున్నాడు.

లౌ వెళ్లాక భార్య చెయ్యి చాపింది. "ఏడ్చింది చాలు గానీ ఇటివ్వు. కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంటా."

ఇవ్వబోతూ ఆగాడు. తను చేసిన ప్రతి ఒరబిళ్ళకీ నడికట్టు దూరే కంతలో సన్నగా ఓ గీత గీస్తాడు. తన నకిలీని ఎవడూ తిరిగి తనకే అంటగట్టకుండా, వాళ్ల నాన్న నేర్పిన జాగ్రత్త అది.

టార్చి వేసి చూశాడు... గీత లేదు. లోపల తోలు పీచేదో ఉంది, ముట్టుకోగానే పొడైపోయింది.

"ఒసే... ఇది సేనాపతిదే! ఇప్పుడు అసలుదంటే ఎవడు నమ్ముతాడే?" అని బావురుమన్నాడు.

ఉత్తరం వైపు నుంచి పట్టపగలే వినిపించింది. టక్... టక్...

భార్య ముఖం పాలిపోయింది. అయినా నోరు ఊరుకోలేదు.

"పోనీలేవయ్యా," అంది గొంతు తగ్గించి. "నీ సరుకు తిప్పి కొట్టని మనిషి ఇన్నాళ్లకి ఒక్కడు దొరికాడు."