విసనకర్రకు వెనకవైపు

థేడియస్ నోరు తెరిచిన మొదటి నిమిషంలోనే తన కొంప తనే ముంచుకున్నాడు.

1973 జూలై. మా షికాగో సౌత్ సైడ్‌లో అప్పుడే వాన వెలిసింది. మందుల షాపులోకి తడిసిన ఆఫ్రో జుట్టుతో వచ్చినవాడు, మేకప్ కౌంటర్ వెనక ఉన్న వర్నెల్‌ను చూసి, వచ్చిన పని మరిచిపోయాడు.

"ఇంత నలుపైనా మీరెంత అందంగా ఉన్నారండీ!"

వర్నెల్ చేతిలోని పౌడర్ డబ్బా మూత టక్కున పడింది.

"ఏమన్నారు?"

"అందంగా ఉన్నారని..."

"దానికి ముందొకటి అన్నారు. 'అయినా' అని. అదెందుకు?"

"అలవాటులో వచ్చేసిందండీ."

"అందరికీ అలవాటే. మా మేనత్తలకీ, టీచర్లకీ, నన్ను డాన్సుకు పిలిచిన కుర్రాడికీ కూడా. ముందు నా రంగును క్షమించడం, తర్వాత నన్ను పొగడడం. సరే, మీకేం కావాలి?"

"ఏం వద్దు. ఈ పౌడర్‌కి ప్రకటనలు రాసేది నేనే. ఎలా అమ్ముడుపోతోందో చూద్దామని..."

"ఓహో! తేనె, బాదం, కారమెల్, కాఫీ. ఈ రంగుల పేర్లు మీవేనా? అన్నం తినకుండా రాశారా?"

ఆమె అన్నిటికంటే ముదురు రంగైన 'కాఫీ'ని తన చేతి మీద రాసి చూపించింది. అది బూడిద పూసినట్టుంది.

"మీ కాఫీలో పాలెక్కువయ్యాయి. రోజంతా నేనమ్మే పౌడర్ నాకే పనికిరాదు."

నవ్వుతూనే అంది కానీ, ఆ నవ్వు వెనక ఉన్నది థేడియస్‌కు గుచ్చుకుంది. మర్నాడు మళ్లీ వచ్చి టూత్ బ్రష్ కొన్నాడు. ఆ మర్నాడూ కొన్నాడు.

"అన్ని పళ్లున్నాయా మీకు?" అని అడిగింది వర్నెల్.

"ఉన్నవి చాలు. మీరు నవ్వితే లెక్క తప్పుతున్నాను."

ఆగస్టు రాకముందే అతనొక చిన్న సీసా తెచ్చాడు. కంపెనీ రసాయన గదిలో బతిమాలి చేయించిన కొత్త రంగు. వర్నెల్ దాన్ని చెంపకు రాసుకుంది. ఎక్కడ రాసుకుందో ఎంత వెతికినా కనిపించలేదు.

"దీని ప్రకటనకు మీరు ఫోటో దిగాలి," అన్నాడు.

"మీ యజమాని కాల్డ్వెల్ గారి ప్రకటనల్లో అమ్మాయిలందరూ వెన్న రంగే కదా."

"అందుకే అడుగుతున్నాను."

వర్నెల్ సీసా మూత బిగించింది. "దిగుతాను. కానీ నా రంగు పిసరంత తగ్గినా, మీరు మళ్లీ ఈ గడప తొక్కొద్దు."

ఫోటో అద్భుతంగా వచ్చింది. కంపెనీ యజమాని కాల్డ్వెల్ కూడా మన నల్లజాతివాడే, మా చర్చిలో పెద్దమనిషే. ఫోటో చూసి తల ఊపాడు.

"బాగుంది. ముఖం కొంచెం తెల్లబరచండి."

"వద్దు సార్. అలా చేస్తే ఇక ఫోటో ఎందుకు?"

"అబ్బాయ్, ఆడవాళ్లు కొనేది ఆశను, అద్దాన్ని కాదు. తెల్లబరచకపోతే ఈ ప్రకటనా లేదు, ఆ రంగూ లేదు."

"అయితే ఈ ఫోటో నాకిచ్చేయండి."

"పట్టుకెళ్లు. గోడకు తగిలించుకో."

గోడకు తగిలిస్తే ఎవరు చూస్తారు? ఎండాకాలం మా చర్చిలో అట్ట విసనకర్ర పట్టుకోని చెయ్యి ఉండదు. థేడియస్ తన ప్రింటర్ మిత్రుడి దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ ఒకవైపు ఖాళీగా ఉన్న విసనకర్రలు కట్టలుగా పడున్నాయి. ఆ ఖాళీ వైపు వర్నెల్ ముఖాన్ని, ఉన్నది ఉన్నట్టు, అచ్చు వేయించాడు. కింద తను రాసిన మాటలు, వాటి కింద కొత్త పౌడర్ సంగతి, షాపు పేరు పెట్టించాడు. ఆ తొందరలో రెండోవైపు చూసుకోలేదు.

ఆదివారం వర్నెల్ అమ్మమ్మ, చర్చిలో అందరూ గౌరవంగా మదర్ ఓపల్ అని పిలిచే ఆవిడ, తన తెల్ల టోపీతో ముందు వరసలో కూర్చుని విసనకర్ర అందుకుంది. మనవరాలి ముఖం చూసి మురిసిపోయింది. తిప్పి చూసింది. వెనకవైపు అంత్యక్రియల దుకాణం వాళ్ల ప్రకటన, అడ్రస్‌తో సహా, ఉంది: "మీ ఆప్తుల చివరి ప్రయాణం మా బాధ్యత."

"ప్రభువా! నా బంగారు తల్లీ!"

ఆ కేకకు ఆర్గన్ ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ఆలస్యంగా వచ్చిన వర్నెల్ తలుపు తోసుకుని, "ఏమైంది అమ్మమ్మా?" అంది. ఆమెను చూసి మదర్ ఓపల్ మొదటిదానికంటే పెద్ద కేక పెట్టింది.

సంగతి తెలిశాక పాస్టర్ గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. వర్నెల్ మాత్రం నవ్వలేదు. ప్రతి వరసలో, ప్రతి చేతిలో తన ముఖం ఊగుతోంది, తన రంగులోనే. కింది మాటలు చదివింది. "నల్లగా ఉంది. అందంగా ఉంది." మధ్యలో ఆ పాత మాట కోసం వెతికింది. లేదు. ఆమె కళ్లు నిండిపోయాయి.

బయట మెట్ల మీద థేడియస్ తల వంచుకుని నిలబడ్డాడు.

"క్షమించండి. వెనకవైపు చూడలేదు."

"ముందువైపు చూశావుగా," అంది వర్నెల్. "అది చాలు."

సోమవారం షాపు తెరిచేసరికి కౌంటర్ ముందు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. "ఆ సండే పౌడర్ ఇవ్వమ్మా!" అని అందరిదీ ఒకటే మాట. అందరికంటే ముందున్నది కాల్డ్వెల్ గారి భార్య.

"మా ఆయన పౌడర్ ఇన్నేళ్లుగా అందరూ పూసుకున్నారు, నా రంగుకు నప్పేది లేక నేను తప్ప," అంది. "ఈ రంగు లేదంటే ఆయనకు ఈ రాత్రి వంట కూడా లేదు."

నెల తిరక్కుండానే అరలో కాఫీ పక్కన కొత్త డబ్బా వచ్చింది. పేరు 'సండే'. ఆ పేరు థేడియస్ పెట్టింది కాదు.

ఆ ఆదివారం మదర్ ఓపల్ అతన్ని భోజనానికి పిలిచింది. వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టె. ఆవిడ వంటగదిలోకి వెళ్లగానే థేడియస్ గబగబా అన్నాడు:

"వర్నెల్, నువ్వంటే నాకు ఇష్టం."

"అయినా?"

"అయినా ఏం లేదు. ఇష్టం, అంతే."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "నీకు పేర్లు పెట్టడం రాదు. వెనకాముందూ చూసుకోవు. ఇంటినిండా టూత్ బ్రష్‌లే." ఒక్క క్షణం ఆగింది. "అయినా నువ్వంటే నాకిష్టం."

వంటగది గుమ్మంలోంచి దగ్గు వినిపించింది. మదర్ ఓపల్ ఆ చర్చి విసనకర్రతో విసురుకుంటూ వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"పిల్లాడు బాగున్నాడు. దీవిస్తున్నాను," అని విసనకర్ర వెనకవైపు అతని ముఖం ముందుకు తిప్పింది. "కానీ నా మనవరాలిని ఏడిపించావో, అడ్రస్ ఇక్కడే ఉంది. చదువుకో."