అంచు నిండిన రోజు

మొదటి జత తెర మీదికి వచ్చింది. ఎడమ పక్క ఒక అల, కుడి పక్క ఒక అల. ఒకటి బందరు తీరాన విరిగింది. రెండోది ఎప్పుడో, ఎక్కడో, ఎవరూ చూడని ఒడ్డున విరిగింది. నురగతో సహా రెండూ ఒకటే. నాగవేణి కిందనున్న ఊపిరి గీతలు చూసింది. రెండూ చదునుగా ఉన్నాయి. ప్రాణం లేదు.

"మడువు," అంది.

ఆ రెండు అలల వెనకా ఇప్పుడు ఒకటే రాత. మొదటిది నిలిచింది, రెండోదాని రాత చెరిగిపోయి అంత మేరా ఖాళీ అయింది. అంచు మీద మిగిలిన చోటును చూపే గోడ మీది గాజుగొట్టంలో నీలిరంగు వెంట్రుకవాసి పైకి జరిగింది.

తరువాత రెండు ఉప్పురవ్వలు. మడువు. రెండు వానచినుకులు. మడువు. రెండు చీమలు వచ్చాయి. గీతలు సన్నగా వణుకుతున్నాయి.

"వద్దు."

చీమలు వెళ్ళిపోయాయి. మడవాలో వద్దో చెప్పే మడతరి ఒకసారి వద్దంటే జమిలి యంత్రం మళ్ళీ అడగదు. ఇసుకరేణువుకూ పసిబిడ్డకూ తేడా దానికి తెలియదు కాబట్టే ఆ కుర్చీలో మనిషిని కూర్చోబెట్టారు.

రాళ్ళూ మనుషులూ మాటలూ అన్నీ విశ్వం అంచు మీదున్న రాతకు నీడలేనని తేలినప్పుడు ఎవరూ పెద్దగా కంగారుపడలేదు. పాఠ్యపుస్తకంలో ఒక పాఠం పెరిగింది, అంతే. ఆ అంచు నిండిపోతోందని తెలిసిన రోజున మాత్రం జనానికి నిద్ర పట్టలేదు. నల్లమల అడుగున ఈ కేంద్రాన్ని తవ్వేలోపే చోటు చాలక ఆత్మకూరు రోడ్డు మీద మొదటి మసక పడింది. అక్కడ కంకరంతా ఒకే రాయి అయిపోయింది. చెట్లకు ఆకులున్నాయి గానీ ఆకులకు ఈనెలు లేవు. అందులోంచి నడిచి వచ్చిన గొర్రెల కాపరికి కళ్ళూ ముక్కూ అన్నీ ఉన్నాయి. అయినా పెళ్ళాం అతన్ని గుర్తుపట్టలేకపోయింది. గుర్తుపట్టడానికి ఆ ముఖంలో ఏమీ మిగల్లేదు.

అప్పటినుంచి జనం ఒకరికొకరు ఎదురైతే "తిన్నావా" అని అడగడం మానేసి "తేడా చేసినావా" అని అడుగుతున్నారు. పొద్దున్నే ప్రతి మనిషీ అంతకుముందెన్నడూ చెయ్యని పని ఒకటి చెయ్యాలి. లేకపోతే నేటి రోజు నిన్నటిలా ఉంటుంది, అలాంటి రోజులు మడతకు అందుతాయి. నాగవేణి ఇవాళ టీలో మిరియం వేసుకుంది. కూతురు శాంభవి మాత్రం మొండికేసింది.

"ఇంట్లో ఎందుకమ్మా? బళ్ళో చేయిస్తాండారు గదా," అంది. బస్సుకు వేళవుతోందని నాగవేణి ఆ మాట పట్టించుకోలేదు.

"అక్కా, ఒక మాట," అన్నాడు పక్క కుర్చీలోని మద్దిలేటి. విరామం గంట మోగింది. "బయట తేడా చెయ్యకుంటే జరిమానా. ఈడ లోపల తేడా చేస్తే జరిమానా. నీలం కోటు, అదే చెయ్యి, అదే మాట. మా ఇంటామె గూడ ఇంతే. మాట్లాడితే తప్పు, మాట్లాడకుంటే తప్పు."

"కాపు గీత ఉంది గదా నీకు. భయమెందుకు?"

"యంత్రానికి కాపు గీత ఉంది. ఆమెకు లేదే."

నాగవేణి నవ్వింది. మద్దిలేటి చెప్పింది నిజమే. మడతరి సొంత తేడాలు రాతలో కలవకూడదని ఈ గదిలో ప్రతి పూటా ఒకేలా గడపాలని నియమం. అలా ఒకేలా గడిచిన పూటలు యంత్రం నోట పడకుండా ప్రతి మడతరి చుట్టూ కాపు గీసి పెట్టారు. ఆ మడతరి సొంత గొంతుతో ఎత్తేయమంటే తప్ప అది లేవదు. ఇంతవరకు ఎవరూ ఎత్తేయమనలేదు.

గంట మళ్ళీ మోగింది. తెర వెలిగింది. ఈసారి వచ్చింది జత కాదు, కట్ట.

ఒక తరగతి గది. పిల్లలు వరుసల్లో నిలబడి ఉన్నారు. ఒకే చొక్కా, ఒకే పాపిడి. అందరి నోళ్ళూ ఒకే మేర తెరుచుకుంటున్నాయి. "పంతొమ్మిది ఒకట్ల పంతొమ్మిది. పంతొమ్మిది రెళ్ళ ముప్పై ఎనిమిది." ఊపిరి కూడా ఒక్కసారే తీసుకుంటున్నారు. ఎక్కం మధ్యలో అందరి ఎడమచేతులూ లేచి కుడిచెవులను పట్టుకున్నాయి, దిగాయి.

మూడో వరుసలో శాంభవి ఉంది.

నాగవేణి కిందకు చూసింది. ఊపిరి గీతలు ఉప్పురవ్వల గీతల్లా చదునుగా ఉన్నాయి.

"వద్దు," అంది. మళ్ళీ గట్టిగా అంది. "వద్దు!"

కట్ట పోయింది. రెప్పపాటులో తిరిగి వచ్చింది.

"వద్దు."

మళ్ళీ వచ్చింది. ఇన్నేళ్ళలో యంత్రం రెండోసారి అడగడం ఆమె చూడలేదు.

"మడువమ్మా నాగవేణీ. ఎంతసేపు?"

గుమ్మంలో కేంద్రాధికారి దస్తగిరి నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుంది.

"సార్, వీళ్ళు పిల్లకాయలు. గీతలెట్ల చదునైనాయి?"

"నేనే చదును చేసినా. నువ్వు వద్దన్నా మళ్ళా పంపిస్తాండేది గూడ నేనే." అతను తెర వైపు చూసి నొసలు చిట్లించాడు. "పైన ముసుగెయ్యల్ల. హడావుడిలో మర్చిపోయినట్టుండారు. నీకు ఇసుక మాదిరి కనపడాల్సింది."

నాగవేణికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తరువాత అర్థమైంది. "అంటే, ఇంతకుముందు..."

"ఇంతకుముందు గూడ. అన్నీ చెప్పే టైము లేదు. మసక వెలుగోడు దాటింది. దాని ముందర నంద్యాల ఉంది. గొట్టం చూడు."

నీలిరంగు అడుగు గీతకు దగ్గరగా ఉంది.

"ఈ కట్ట మడిస్తే నంద్యాల నిలబడ్తాది. పిల్లలు చావరమ్మా. సాయంత్రం ఎవరింటికి వాళ్ళు పోతారు. అన్నం తింటారు, నిద్రపోతారు."

"లోపల?"

దస్తగిరి చూపు మళ్ళీ గొట్టం మీదికి తిప్పాడు.

"లోపల ఏముంటాది సార్?"

"లోపల అందరికీ ఒకటే." అతను గోడకు ఆనుకున్నాడు. "నా కవలల్ని మడిచింది నువ్వే. తెలుసా? పోయిన వేసవిలో, మసక వెలుగోడు మీదికి వస్తాండాదని అందరం వణుకుతాన్నప్పుడు. నా కళ్ళముందర నువ్వు రెండు ఇసుకరేణువులు చూసి మడువు అన్నావు. పరాయోళ్ళ బిడ్డల్ని పెట్టలేక నా బిడ్డల్నే పెట్టినా. ఇప్పుడు ఒకడికి ముల్లు గుచ్చుకుంటే ఇద్దరూ ఏడుస్తారు. ఒకడికి నేను కథ చెప్తే రెండోవాడు పెరట్లో ఒక్కడే నవ్వుతాడు."

"వాళ్ళమ్మకు?"

"తెలీదు. పిల్లోళ్ళు ఈ మధ్య కొట్టుకోడంలేదు, ఎంత ఒద్దికో అని ఊరంతా చెప్పుకుంటాంది."

నాగవేణి కుర్చీ వదిలి గోడనున్న ఫోను అందుకుంది. దస్తగిరి అడ్డు రాలేదు. బడి నంబరు కలిసింది. హోరుగా ఎక్కం వినిపిస్తోంది.

"టీచరమ్మా, శాంభవి వాళ్ళమ్మను. పిల్లల్ని ఆపండి. ఇప్పుడే ఆపండి!"

"ఇన్‌స్పెక్టరు గారు కూర్చోనుండారమ్మా," గుసగుసగా అంది టీచరు సుభద్ర. "మళ్ళా ఫోను చెయ్యండి."

"తేడా ఎవరికి వాళ్ళు చెయ్యల్ల గదా? అందరూ ఒకటే తేడా చేస్తే ఎట్ల?"

"ఎవరిష్టం వాళ్ళు చేస్తే తరగతి సంత మాదిరి ఉంటాందని డ్రిల్లు పెట్టినాం. రోజుకొక తేడా, అందరూ కలిసి. జిల్లాలో మాకే ఫస్టు."

"ఒక్కరినన్నా తప్పు చెప్పమనండి. మా పాపనే చెప్పమనండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

"ఇన్‌స్పెక్టరు ముందర తప్పా? ఏం మాటలమ్మా అవి!" ఫోను పెట్టేసింది.

"పంతొమ్మిది ఆర్ల నూటపద్నాలుగు," అంది తెర మీద తరగతి.

"ఎక్కం అయిపోయేలోపల మడవాల," అన్నాడు దస్తగిరి. "అయిపోతే ఎవరి అల్లరి వాళ్ళది, కట్ట చెదిరిపోతాది. మద్దిలేటీ, నువ్వు చెప్పు."

కట్ట మద్దిలేటి తెర మీదికి మారింది. అతను నాగవేణి వైపు చూడకుండా అన్నాడు.

"అక్కా, మావోళ్ళు నంద్యాల్లో ఉండారు. చిన్నది పాలు తాగే పిల్ల."

అతన్ని తిట్టడానికి ఆమెకు నోరు రాలేదు. ఆ స్థానంలో తనున్నా ఇదే మాట అనేది. మద్దిలేటి గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. నోరు తెరిచాడు.

నాగవేణి తన కుర్చీలో కూలబడింది.

"నా కాపు ఎత్తెయ్," అంది యంత్రంతో. "నాగవేణి కాపు. ఈ కుర్చీలో కూర్చున్న పూటలన్నీ. మొదటి రోజు నుంచి నిన్నటి దాకా."

మద్దిలేటి నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది.

ఆమె తెర నిండా ఆమే. నీలం కోటులో, అదే చెయ్యి బల్ల మీద ఆనించి, అదే మాట అంటున్న నాగవేణి వెనక నాగవేణి, ఇంకా వెనక ఇంకో నాగవేణి, చూపు ఆనేంత దూరం. గీత చదునుగా ఉంది. ఇంత పెద్ద కట్ట దొరికాక యంత్రానికి పిల్లల కట్టతో పని లేకపోయింది. మద్దిలేటి తెర ఖాళీ అయింది.

దస్తగిరి మొదట ఊపిరి వదిలాడు. తరువాత ముఖం పాలిపోయింది. "ఏయ్, ఆగు. ఆ పూటలన్నీ మడిస్తే నిలిచేది మొదటి పూటే. అంటే నువ్వు మడిచినవన్నీ..."

"మడవనట్టే."

"మొదటి రోజు ఏం మడిచినావు నువ్వు?"

"పిడికెడు ఇసుక. పని నేర్చుకుంటా ఉంటి."

"పిచ్చిదానా! అన్నీ విడిపోతాయి! ఎన్నేళ్ళ మడతలు! ఎంత చోటు కావాలో తెలుసా? నంద్యాల ఒకటే గాదు, యాడా మిగలదు!"

తెలుసు. భయంతో ఆమె పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఆ పళ్ళ మధ్య నుంచే మాట బయటకు తోసింది.

"మడువు."

గాజుగొట్టంలో నీలిరంగు పైదాకా ఎగిసింది. పక్క కుర్చీలోని మనిషి వైపు ఆమె తిరిగింది. ఈ పొద్దున పెళ్ళాం గురించి జోకు వేసిన మనిషి. అంతకుముందు అతన్ని ఎప్పుడైనా చూసిందా? గుర్తు రాలేదు.

రంగు ఎగిసిన చోటే ఒక్క క్షణం నిలిచింది. తరువాత దిగడం మొదలుపెట్టింది. అలలు, చినుకులు, ఉప్పురవ్వలు, ఇసుక అని చూపించినవి, ఇసుక కానివి, అన్నీ తమ తమ రాతను తిరిగి అడుగుతున్నాయి.

దస్తగిరి జేబులో ఫోను మోగింది. ఎత్తాడు. ఆడమనిషి గొంతు గదంతా వినపడింది.

"ఏమండీ, ఇంటికి రాండి! ఇద్దరూ జుట్లు పట్టుకొని కొట్టుకుంటాండారు. పెద్దోడు ఏడుస్తాంటే చిన్నోడు పకపకా నవ్వుతాండాడు. ఏమైంది వీళ్ళకు?"

దస్తగిరి నేల మీద కూర్చుండిపోయాడు. "కొట్టుకోనీలే," అన్నాడు. "కొట్టుకోనీ. ఫోను అట్లనే పట్టుకో, వినపడనీ నాకు."

నీలిరంగు అడుగు గీత దాటింది. గొట్టం ఖాళీ అయింది.

పిల్లల కట్ట మద్దిలేటి తెర మీదికి తిరిగి వచ్చింది. "పంతొమ్మిది తొమ్మిదుల నూట డెబ్బై ఒకటి." ఇంకొక్క వరుసే మిగిలి ఉంది. యంత్రం అడుగుతోంది. మద్దిలేటి అధికారి వైపు చూశాడు.

"సార్, చెప్పండి. చెప్పమంటారా? సార్!"

దస్తగిరి ఫోను చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. మద్దిలేటి తల వాల్చి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి ఏడుపు మాత్రం వస్తోంది.

అప్పుడు తెర మీది తరగతిలో కిటికీ పక్క పిల్లవాడు తల తిప్పాడు. బయట వేపచెట్టుకు ఆకులున్నాయి. ఈనెలు లేవు. గోడ మీది ఇటుకలన్నీ ఒకే ఇటుక అవుతున్నాయి. పిల్లవాడి నోట్లో ఆఖరి వరుస ఆగిపోయింది.

వాడు కేక పెట్టాడు. వెనక పిల్ల బెంచీ కిందికి దూరింది. ఒకడు నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. ఇద్దరు టీచరు చీర పట్టుకున్నారు, ఒకతె పలక విసిరికొట్టింది. ఇన్‌స్పెక్టరు కుర్చీ తిరగబడింది. కట్ట విడిపోయింది. ఒక్కొక్క పిల్ల కింద ఒక్కొక్క గీత లేచి, ఏ గీతకు ఆ గీతే అదురుతోంది. అందులో మూడో వరుసలోని గీత ఒకటి పిచ్చిగా ఎగిరెగిరి పడుతోంది. శాంభవి తలుపు వైపు పరుగెత్తుతోంది.

మడవడానికి ఏమీ దొరక్క తెర తెల్లబోయింది.

నాగవేణి ఫోను అందుకుని బడి నంబరు నొక్కింది. గుమ్మం దగ్గర మొదలై నేల మీది బండలు ఒక్కొక్కటే తమ గీతలూ మచ్చలూ పోగొట్టుకుంటూ వస్తున్నాయి. వరుస తరువాత వరుస, ఒకే బండ. అవతల ఫోను మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. ఆమె కాళ్ళు కుర్చీ మీదికి లాక్కుని రెండు చేతులతో ఫోనును చెవికి అదిమిపట్టుకుంది.

ఎవరో ఎత్తారు. అరుపులు, పరుగులు, ఏడుపు. ఆ గోలలోంచి, రొప్పుతూ, ఒక గొంతు.

"అమ్మా?"