క్నూట్ తాత తోడు

“అబద్ధం ఆడేవాళ్ల చెవులు ఎర్రబడతాయి. నీవి ఒకసారి అద్దంలో చూసుకో!”

సిన్నెవ నాతో అన్న మొదటి మాట అది. నేను నిచ్చెన మీద ఉన్నాను. ఆమె కింద, కుడి చేతికి పిండికట్టుతో నిలబడి ఉంది.

నేను బెర్గెన్ పట్నం వాణ్ణి. ఎలక్ట్రీషియన్‌గా వోస్ దగ్గరి ఈ లోయకు వచ్చి అప్పటికి రెండు నెలలు. ఆ రోజు వాళ్ల బీరు కాచే కొట్టంలో లైట్లు బిగించడానికి వెళ్లాను. వాళ్ల నానమ్మ ఇంగెబ్యోర్ గారికి ఇంకో పది రోజుల్లో ఎనభై నిండుతాయి. ఊరంతటికీ విందు. బీరు కాచేవాళ్లే లేరు. తాత క్నూట్ గారు ఆ చలికాలంలో పోయారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న సిన్నెవ, వాన తడికి మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుంది.

“నాకు వచ్చు కదండీ! ఇంట్లో ఎన్నిసార్లు కాచానో” అని నానమ్మకు నిచ్చెన మీద నుంచే చెప్పేశాను.

నిజానికి నేను జన్మలో కాచింది కాఫీ ఒక్కటే.

ఎందుకు చెప్పానంటే, సిన్నెవ నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది. అంతకంటే గొప్ప కారణం లేదు.

మర్నాడు ఆమె ఫ్రిజ్‌లోంచి ఒక చిన్న సీసా తీసి నా చేతిలో పెట్టింది. అడుగున బూడిదరంగు ముద్ద.

“మా తాత తోడు. జాగ్రత్త.”

పాలకు మజ్జిగచుక్క ఎలాగో, మొలకెత్తిన బార్లీతో కాచిన మాల్టు రసానికి ఈ ఈస్టు అలాగ. ఇక్కడ ఇంటింటికీ ఒక తోడు ఉంటుంది. కాచిన ప్రతిసారీ కొంత తీసి దాస్తారు, తర్వాతిసారి అదే వేస్తారు. క్నూట్ గారి తోడు వాళ్ల ముత్తాత నాటిది.

“సగమే వెయ్యి, సగం దాచు. రసం గోరువెచ్చగా అయ్యాకే వెయ్యాలి. థర్మామీటర్ ఇవ్వనా?”

“అనుభవం ఉన్నవాడికి వేలు చాలు.”

“ఓహో! ఏ వేలో?” అంది. సొట్ట పడింది. “సాయానికి రానా?”

“వద్దొద్దు” అన్నాను. వస్తే దొరికిపోతాను కదా.

శనివారం ఒక్కణ్ణే కాచాను. రసం పొంగి పొయ్యి ఆర్పేసింది. వడపోతకని పీపా అడుగున పరిచిన జునిపర్ చెట్టు కొమ్మలు కుళాయికి అడ్డం పడ్డాయి. సాయంత్రానికి నడుం పడిపోయింది. రసంలో వేలు పెడితే చురుక్కుమంది. కాసేపు ఊదుకుని, ‘ఫరవాలేదులే’ అనుకున్నాను. సగం తోడు వేశాను. చాలదేమోనని అనుమానం వచ్చి మిగతా సగమూ వంపేశాను.

మర్నాడు ఒక్క బుడగ లేదు. ఆ మర్నాడూ లేదు.

“పొంగిందా?” అని సిన్నెవ ఫోన్ చేసింది.

“ఓ! బ్రహ్మాండంగా పొంగింది.”

నాలుగో రోజుకు పుల్లని వాసన వచ్చింది. అంతా కాలవలో పారబోశాను. పట్నం వెళ్లి కార్టన్ల కొద్దీ షాపు బీరు తెచ్చి, ఒక్కొక్క సీసా మూత తీసి వాళ్ల చెక్క పీపాలో వంచాను. ప్రతి మూత చప్పుడుకీ ఎవరైనా వింటున్నారేమోనని గుమ్మం వైపు చూశాను.

విందుకి నలభై మంది వచ్చారు. మొదటి గ్లాసు నానమ్మకే. ఆవిడ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టారు.

“బాగానే ఉంది బాబూ. కానీ ఇది మా ఇంట్లో పుట్టింది కాదు.”

సిన్నెవ నా వైపు తిరిగింది. “ఐవిన్, దాచిన సగం ఏది?”

తలెత్తలేకపోయాను. నలభై మంది ముందు, బూట్లు చూసుకుంటూ మొత్తం చెప్పాను. వెనక ఎవరో “షాపు బీరట!” అని కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు గదంతా పాకింది. దానికన్నా చెంప మీద కొట్టినా బాగుండేది.

సిన్నెవ మాత్రం నవ్వలేదు. ఎడమ చేత్తో తోడు దాచే ఖాళీ సీసా కడిగి, కిటికీలో బోర్లించింది.

“రాదని చెబితే నేనే పక్కన నిలబడేదాన్ని. కనీసం రెండో రోజు చెప్పినా, అడుగున ఏదైనా బతికి ఉందేమో చూసేదాన్ని. పొంగింది పొంగింది అంటూ కూర్చున్నావు. తాతది మాకు మిగిలింది అదొక్కటే.”

వారం రోజులు ఆ ఇంటి దారిన వెళ్లలేదు. ఒకచోట మీటరు మారుస్తుంటే ఆ ఇంటావిడ అంది: “క్నూట్ అడిగినవాళ్లకి లేదనకుండా తోడు ఇచ్చేవాడు పాపం.”

చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. ఇచ్చాడంటే ఎవరింట్లోనో ఉండే ఉంటుంది!

ఆ రోజు నుంచి పని అవగానే ఇంటింటికీ తిరిగాను. వానలో తలుపు తట్టి, ప్రతి గుమ్మంలో అదే మాట: “క్నూట్ గారి తోడు చంపింది నేనేనండీ. మీ దగ్గర ఏమైనా ఉందా?”

“నువ్వేనా ఆ వేలు పెట్టినవాడివి! ఏమే, ఇలా రా, ఇతన్ని చూద్దువుగాని” అని ఒకాయన పెళ్లాన్ని పిలిచాడు. ఒకరింట్లో ఫ్రిజ్ చెడి తోడు పోయింది. ఇంకొకరు పాకెట్ ఈస్టుకి మారిపోయారు. చెప్పీ చెప్పీ సిగ్గు అరిగిపోతుందనుకున్నాను. అరగలేదు.

పధ్నాలుగో ఇల్లు హాల్వర్ తాతది. కంచె తగాదాతో ఆయనకీ క్నూట్ గారికీ పదిహేనేళ్లు మాటల్లేవని విన్నాను. అయినా తట్టాను.

అంతా విని ఆయన లోపలికి వెళ్లి, కాగితం పొట్లం తెచ్చారు. లోపల ఎండబెట్టిన తోడు పెచ్చులు.

“అతనితో మాటలు మానేశాను గానీ, అతని తోడు మానలేదు” అన్నారు. “మొన్న అంత్యక్రియలకీ వెళ్లలేదు. మొహం చెల్లలేదు. పొట్లం ఇస్తాను. కానీ బీరు ఇక్కడే, నా కళ్ల ముందు కాచాలి. ఆ పిల్లని కూడా పిలుచుకురా.”

సిన్నెవకు ఫోన్ చేశాను. విషయం చెప్పి, “ఈసారి నాకు ఏమీ రాదు. వచ్చి నేర్పుతావా?” అని అడిగాను.

“థర్మామీటర్ నేను తెస్తాను” అంది.

ఆదివారం రోజంతా ముక్కుసూటిగా పనే చెప్పింది. మంట తగ్గించు. కలుపుతూ ఉండు. ఆగు, తొందరేంటి? రసం ముప్ఫై ఎనిమిది డిగ్రీలకు దిగేదాకా ఇద్దరం పీపా పక్కన కూర్చున్నాం.

“ఇప్పుడు వెయ్యి, సగమే” అంది. “వేస్తూ గట్టిగా అరవాలి. ఎంత అరిస్తే బీరు అంత ఘాటుగా వస్తుంది. మా లోయలో ఆచారం.”

నోరు తెరిచాను. మళ్లీ మూసేశాను. ఈ లోయలో గొంతెత్తే హక్కు నాకెక్కడిది అనిపించింది.

“గట్టిగా అరువు, ఐవిన్!”

“సిన్నెవా, తప్పైపోయింది! నువ్వంటే నాకు ఇష్టం!”

కొట్టం మారుమోగింది.

“బీరుకి వినబడేట్టు అరవమంటే ఊరికి చాటుతున్నాడు వీడు” అన్నారు హాల్వర్ తాత. సిన్నెవ మొహం పక్కకి తిప్పేసుకుంది. చెంపలు ఎర్రగా ఉన్నాయి.

తెల్లారేసరికి పీపా నిండా నురగ!

నాలుగో రోజు ముగ్గురం చిన్న కూజాతో నానమ్మ దగ్గరకు వెళ్లాం. ఆవిడ ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నారు. తెరిచాక నన్ను చూడలేదు. గుమ్మంలో టోపీ నలుపుతూ నిలబడ్డ హాల్వర్ తాతను చూశారు.

“లోపలికి రా హాల్వర్. క్నూట్ కుర్చీ ఖాళీగానే ఉంది.”

ఆయన కూర్చున్నారు. మేమిద్దరం నెమ్మదిగా వాకిట్లోకి వచ్చేశాం. వాన సన్నగా పడుతోంది.

“మా అమ్మ ఎల్లుండి ఓస్లో నుంచి వస్తోంది” అంది సిన్నెవ. “నువ్వెవరని అడుగుతుంది.”

“ఏం చెబుతావు?”

“నేనా? నువ్వే చెప్పాలి. నిచ్చెన దగ్గర్నుంచి మొత్తం.”

“సీసా మూతల సంగతి కూడానా?”

“అన్నీ.”

నా చెవులు వేడెక్కాయి. ఆవిడ ముందు తల వంచుకుని కూర్చోవడం ఇప్పుడే కళ్లకు కట్టింది.

“చెబుతాను” అన్నాను.

సిన్నెవ కట్టు లేని చెయ్యి నా చేతిలో పెట్టింది.