మశూచి ఇంటి మూల

మా ఊరి బేస్‌బాల్ మైదానానికి ఎడమ చివర ఒక మూల ఉంది. దాని వెనకే, మశూచి వచ్చినవాళ్లని పూర్వం తీసుకెళ్లి పడేసిన ఇల్లు. టికెట్ లేనివాళ్లు కంచెలెక్కి, కొమ్మలెక్కి ఆట చూసేవాళ్లు గానీ... ఆ వైపు ఒక్క ప్రాణీ నిలబడేది కాదు.

కాస్త దగ్గరకి జరగండి. అక్కడ ఆడిన ఈనస్ టటిల్ అనేవాడు చర్చి మెట్ల మీద కూర్చుని, నా చెయ్యి వదలకుండా చెప్పిన మాట ఇది.

పద్దెనిమిదొందల డెబ్బై రెండు. ఆటకి జీతాలిచ్చే పద్ధతి అప్పుడప్పుడే మొదలైంది. ఈనస్ అంతకుముందు టోపీల కార్ఖానాలో చేసేవాడు. అక్కడ టోపీల బొచ్చుకి పట్టించే పాదరసం ఆవిరికి ముందు చేతులు వణుకుతాయి, ఆ తర్వాత మతి పోతుంది. అతని చేతులు అప్పటికే వణుకుతున్నాయి.

"ఇవాళ ఇంకో బంతి వదిలావో, సోమవారం కార్ఖానాకే పో," అన్నాడు కెప్టెన్ లైమన్.

చీకటి పడుతోంది. మావాళ్లది ఒక్క పరుగు పైచెయ్యి. ఇంకొక్కణ్ణి ఔట్ చేస్తే గెలుపు.

"ఒరేయ్ టోపీలోడా! ఆ చేతులకి జోల పాడరా, పడుకుంటాయి!" అని అవతలివాళ్ల కేకలు.

బంతి లేచింది... సరిగ్గా ఆ మూలకే.

ఈనస్ పరిగెత్తాడు. తొడుగుల్లేని వట్టి చేతులు. బంతి అరచేతుల్లో పడింది — వేళ్లు వణికాయి — గడ్డిలోకి జారింది. గబుక్కున తీసి పైకెత్తాడు.

అంపైర్‌కి కనబడలేదు. ఆ రోజుల్లో అలాంటప్పుడు ఆటగాడి మాటే సాక్ష్యం. పక్కనున్న ప్రేక్షకుణ్ణి కూడా అడగొచ్చు. అంపైర్ ఈనస్ దగ్గరికి నడిచొచ్చాడు.

"టటిల్ గారూ, పైన ప్రభువు వింటున్నాడు. నేల తగలకముందే పట్టారా?"

ఈనస్ మనసులో సోమవారం మెదిలింది. కార్ఖానా... ఆ ఆవిరి...

"పట్టానండీ."

అంపైర్ అతని భుజం మీదుగా చూశాడు. "మరి మీరేమంటారు?"

ఈనస్‌కి ఏమీ వినబడలేదు. మెడ మీద చల్లటి ఊపిరి మాత్రం తగిలింది. వెనక్కి తిరగలేదు.

అంపైర్ మర్యాదగా టోపీ తీశాడు. "ఔట్!"

జనం ఈనస్‌ని భుజాలకెత్తుకున్నారు. దిగిన తర్వాత అతను అంపైర్ చెవిలో అడిగాడు — "ఎవరండీ... నా వెనక?"

"మీవాళ్లు కారా? ముఖం నిండా మచ్చలు, పాపం. 'పట్టాడండీ, పూచీ నాది. అబ్బాయి మావాడే — ఇక మా ఇంట్లోనే ఉంటాడు' అన్నారు."