పడినవాణ్ణి దాటి పోకూడదు

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టాలి," అన్నాడు చీఫ్, బల్ల మీదుగా ఒక ఫొటో తోస్తూ.

ఏజెంట్ తాబేలు ఆ ఫొటోని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని మళ్ళీ చూశాడు. అందులో ఉన్నది ఏజెంట్ మెరుపు. డిపార్ట్‌మెంట్‌లో అతని పక్క సీటు, తెల్లవారుజాము పరుగుల్లో అతనికి గురువు. నడిచొస్తుంటే అందరి తలలూ అటే తిరిగే అందం, పరుగెత్తితే ఎవరికీ అందని వేగం. మొన్ననే అతను పెళ్ళి మాటెత్తితే, "ఆదివారం రేసు అయ్యాక ఫినిష్ లైన్ దగ్గర చెప్తాలే" అని నవ్విన మనిషి.

"పొరపాటు పడుతున్నారేమో సార్."

"పడితే నాకూ సంతోషమే. విదేశీ ముఠాకి అమ్ముడుపోయింది. ఆదివారం కొండదారి హాఫ్ మారథాన్‌లో తన బూటుకి పెట్టుకునే టైమింగ్ చిప్‌లో, బయటి దేశాల్లో ఉన్న మన ఏజెంట్ల ఫొటోలున్నాయి. ఫినిష్ దగ్గర చిప్పులు తీసుకునే వలంటీర్లలో ఒకడు వాళ్ళ మనిషి. ఎవడో తెలీదు. ఆమెని ముందే పట్టుకుంటే వాడు జారుకుంటాడు. చిప్ వాడికి చేరిందా, మనవాళ్ళెవరూ ప్రాణాలతో రారు. దారిలోనే చిప్ మార్చెయ్. ఆమెకి తెలియకూడదు. మార్చాక 'వాన తగ్గింది' అను. కోడ్ అదే."

తాబేలు బాత్రూంలోకి వెళ్ళి, కుళాయి పూర్తిగా తిప్పి ఏడ్చాడు. గూఢచారులు ఏడవరని ఎవరన్నారో గానీ, వాళ్ళకు పక్క సీటులో ఎవరూ ఉండి ఉండరు.

ఆదివారం ఆకాశానికి చిల్లు పడింది. ఈసారి అతనికి మారువేషం అక్కర్లేదు. ప్రేమికుడిగా వెళితే చాలు. అది వేషం కాకపోవడమే అతని ఖర్మ.

స్టార్ట్ దగ్గర మెరుపు అతని జాకెట్ జిప్పు మెడదాకా లాగింది. "బురద చూసుకుని రా. నాతో పోటీ పడకు."

"నీతో ఎవడు పడతాడు తల్లీ!" అన్నాడు. గొంతు వణికితే చలి మీదకు నెట్టేశాడు.

ఈల మోగింది. బురద బూట్లను పట్టి లాగుతోంది, గాలి కొమ్మలతో మొహాలు వాయిస్తోంది. వాగు దాటేసరికి ఆమె ఎరుపు జాకెట్ చెట్ల మధ్య చుక్కంత అయింది. చివరి దిగుడు మొదలైంది.

"ఇంకా మార్చలేదా?" చెవిలో దాచిన ఇయర్‌పీస్‌లో చీఫ్ అరిచాడు. "ఆమె చెయ్యి దాటిపోతోంది!"

ఏం చెయ్యాలో తాబేలుకి చిప్ మార్చమన్నప్పుడే తెలుసు. ఈ కొండదారుల్లో ఎక్కడా రాసిపెట్టని రూలు ఒకటుంది. పడినవాణ్ణి దాటి ఎవరూ పోకూడదు. అతనికి ఆ రూలు నేర్పింది ఆమే.

కావాలనే కాలు జార్చి, దొర్లి, ఆమె పేరు పెట్టి అరిచాడు. ఆ అరుపులో నటన ఎంతో అతనికే తెలీదు.

ముందర ముఠా కాచుకుని ఉంది. అయినా మెరుపు ఆగింది. వెనక్కి ఎక్కింది.

"చెప్పానా బురద చూసుకోమని? నా మాటంటే నీకెప్పుడు లెక్క?" తిడుతూనే మోకాళ్ళ మీద కూర్చుని తన దగ్గరున్న బ్యాండేజీ విప్పి అతని చీలమండకి చుట్టసాగింది. ఆమె బూటు అతని చేతికి ఆనుకునే ఉంది. రన్నర్లు దారిలో తాగే ఎనర్జీ జెల్ ప్యాకెట్‌లో దాచిన డమ్మీ చిప్ అతని వేళ్ళలోకి వచ్చింది. ఒక క్లిప్ ఊడింది, ఒక క్లిప్ పడింది.

"బాగా నొప్పిగా ఉందా?"

"చాలా."

అది మాత్రం అబద్ధం కాదు. ఆమె తడి చేత్తో అతని చెంప తట్టి, "కదలకు, ఎవరినైనా పంపిస్తా" అని పరుగెత్తింది.

"వాన తగ్గింది," అన్నాడు తాబేలు కాలర్‌లో దాచిన మైక్‌లో, కుండపోతలో కూర్చుని. తర్వాత అడ్డదారిన కిందికి దిగాడు.

ఫినిష్ లైన్ దగ్గర పసుపు రెయిన్‌కోటు వలంటీర్ ఆమె చిప్ విప్పి తన వాచీకి ఆనించాడు. చిప్ ఖాళీ అంటూ వాచీలో ఎర్ర దీపం వెలిగింది. వాడి మొహం మారింది. మెడల్స్ ట్రే కింద నుంచి సైలెన్సర్ పిస్టల్ ఆమె పక్కటెముకల వైపు లేచింది.

తాబేలు జన్మలో అంత వేగంగా పరుగెత్తలేదు. వాడి నడుము మీద పడ్డాడు. తూటా వెళ్ళి, గాలి నింపిన ఫినిష్ ఆర్చిలో దిగింది, ఆర్చి అందరి నెత్తి మీద కూలింది. తుఫాను గాలికే పడిందని జనం నవ్వుకున్నారు. ఆ గుడ్డ కిందే డిపార్ట్‌మెంట్ వాళ్ళు వాణ్ణి కట్టేశారు.

మెరుపు పిస్టల్ వైపు చూడలేదు. తను కట్టిన బ్యాండేజీతో నిటారుగా నిలబడ్డ ఆ కాలిని చూసింది.

"పడ్డావని వెనక్కొచ్చాను," అంది.

"వస్తావని తెలుసు. అందుకే పడ్డాను."

ఆమె ఫినిష్ లైన్ వైపు చూసింది. "అవుననే చెప్దామనుకున్నా," అంది. డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఆమెని వ్యాన్ ఎక్కించారు. అతని గుండె అక్కడే పగిలింది.

అంతలో స్టేజీ మీది మైకు గరగరమంది. "పడిపోయిన తోటి రన్నర్ కోసం గెలిచే రేసు వదిలి వెనక్కి వెళ్ళిన ఎరుపు జాకెట్ అమ్మాయికి ఈ ఏడాది ప్రత్యేక బహుమతి! ఎక్కడున్నా స్టేజీ మీదకి రావాలి!"

"ఎవరూ వెళ్ళకపోతే అనుమానం వస్తుంది," అన్నాడు వ్యాన్ పక్కన నిలబడ్డ చీఫ్, మొహం తిప్పుకుని. "నువ్వెళ్ళి తీసుకో."

తాబేలు స్టేజీ ఎక్కి కప్పు అందుకున్నాడు. జనం తడుస్తూనే చప్పట్లు కొట్టారు.

"ఆవిడ మీకేమవుతారు?" అడిగాడు మైకాయన, సరదాగా.

తాబేలు కప్పు మీది వాననీళ్ళు తుడిచాడు. "ఇద్దరం ఒకే ఆఫీసండీ."