ఏడు ఫొటోల ఖాళీ

పెటోన్ అనే ఊళ్ళో సముద్రం ఒడ్డున పాత ఉన్ని గోడౌను ఒకటుంది. అందులో బొమ్మల సినిమాలు తీస్తారు. పెసమినో అక్కడ వడ్రంగి. మనిషి గుమ్మం పట్టనంత సమోవా దీవుల మనిషి, చేసేవి మాత్రం అరచేతిలో పట్టే కుర్చీలూ, అగ్గిపెట్టంత తలుపులూ.

బొమ్మల సినిమా అంటే ఏం లేదు. బొమ్మని వెంట్రుకవాసి కదపాలి, చెయ్యి పక్కకి తియ్యాలి, ఒక ఫొటో కొట్టాలి. మళ్ళీ కదపాలి, ఇంకో ఫొటో. పాతిక ఫొటోలైతే ఒక్క సెకను. నడుమ వెలుగు మారకూడదని నల్లతెరలు దించి, చీకట్లో చిన్న దీపాలెట్టుకుని చేస్తారు. తెరకి ఎర్రగుడ్డ కట్టి ఉంటే లోపలికెవరూ వెళ్ళకూడదు. నేల అదిరితే బొమ్మ జరుగుతుంది, మూడు రోజుల పని మట్టిలో కలుస్తుంది. దేవుడొచ్చినా బయట నిలబడాల్సిందే.

ఆ ఎర్రగుడ్డ వెనకాలే పడిపోయింది ఫెతూ. పెసమినోకి ఒక్కతే కూతురు. బొమ్మలు కదిపే పని ఆ పిల్లది. తల్లో నరం చిట్లింది. ఇవతల తండ్రి పిల్ల పనికి అడ్డమని రంపం ఆపేసి, దగ్గొస్తే దగ్గు కూడా మింగి కూచున్నాడు. మూడింటికి గుడ్డ విప్పేరు. అప్పటికే చల్లబడిపోయింది. కాస్త ముందు తెస్తే బతికేదేమో అన్నాడు డాక్టరు. ఆ మాట అనకపోయినా బాగుండును.

మూడోవారం పెసమినో మళ్ళీ పనిలోకొచ్చేడు. వచ్చి, మధ్యాన్నం పూట, తిన్నగా బ్రెట్ గదికెళ్ళేడు. అక్కడ తీసిన ఫొటో తీసినట్టే తీగలోంచి బ్రెట్ కంప్యూటర్లో పడుతుంది. వాటిని వరసపెట్టి, వెనకాల ఆకాశం, వాన అతికించడం అతని పని. బయట ఎండ మండిపోతోంది. గదిలో మాత్రం తెరల చీకటి, మాంసం కూరిన రొట్టె వాసన.

"రా అంకుల్. ఆ కుర్చీలో కూచోకు, నీ కింద పడితే అది నాకు పనికిరాదు," అన్నాడు బ్రెట్, నోట్లో ముద్ద పెట్టుకునే.

"నిలబడతాలే. మా పిల్ల చేసిన ఆఖరి ముక్క చూపించు బాబూ."

"చూడు మరి. మొదటి ఫొటో మీద ఒక్క నొక్కు. మిగతావన్నీ కోడిపిల్లల్లా వెనకాలే వచ్చేస్తాయి."

రెండొందల ముప్ఫై ఫొటోలు వరసలోకొచ్చి పడ్డాయి. తెరమీద బొమ్మపిల్ల నడిచొచ్చి, పెసమినో చేసిన కుర్చీలో కూచుంది. మధ్యలో ఏదో తళుక్కుమంది.

"అదేంటి?"

"మీ అమ్మాయి చెయ్యి. తియ్యడం మర్చిపోయింది. రెండొందల నాలుగు నించి పది దాకా, ఏడు ఫొటోలు పాడుచేసింది."

బ్రెట్ ఆపి చూపించేడు. ఫెతూ చెయ్యి. బొటనవేలికి మట్టి అంటుకునుంది.

"ఆ ఏడూ ఉంచు నాయనా. బతికున్న చెయ్యి అది. ఆఖర్రోజుది."

"సినిమాకి పనికిరావు."

"సినిమాకి కాదు, నాకు."

"చచ్చినోళ్ళ చేతులు దాచుకోడానికి ఇదేమన్నా చర్చీనా అంకుల్? ఆ రోజు పదింటికి ఫొటోలు రావడం ఆగిపోయేయి. నేనెంత తిట్టుకున్నానో తెలుసా? పనిమానేసి సిగరెట్టుకి పోయిందనుకున్నా."

పెసమినో అతని మొహంలోకి చూసేడు. "పదింటికా?"

"పదింటికే."

"తెలిసీ వెళ్ళి చూడలేదా?"

"ఎర్రగుడ్డుంటే నేనెందుకెళ్తాను?" అని బ్రెట్ ఆ ఏడింటినీ తుడిచేసేడు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసేడు. "ఇంకెక్కడా లేవు. కెమెరాలోవి నిన్ననే తీసేశా. ఇంటికెళ్ళి పడుకో."

నంబరు మధ్యలో ఖాళీ వస్తే పక్క ఫొటోకి నకలు తీసి ఆ నంబరేస్తారు. బ్రెట్‌కి బద్ధకం. ఖాళీ ఎంత కనపడుతుందో చూద్దామని, అలాగే మళ్ళీ లాగేడు లోపలికి. ఖాళీ దగ్గర ఎర్ర గీత రావాలి.

రాలేదు. రెండొందల ముప్ఫై... నిండా ఉన్నాయి.

"ఎవడ్రా ఇది..." అన్నాడు బ్రెట్.

రెండొందల నాలుగో ఫొటో దానంతటదే వచ్చి ఆగింది. అదే కుర్చీ. బొమ్మపిల్ల లేదు. కుర్చీలో, వేలెడంత... బ్రెట్. అదే చొక్కా. చేతులు రెండూ ఒళ్ళో. పక్కనించి ఫెతూ చెయ్యి వస్తోంది.

నల్లతెరల అవతల, ఎవరూ లేని చోట, కెమెరా టిక్కుమంది.

బ్రెట్ చేతులు ఒళ్ళో పడ్డాయి. పైకి రావడం లేదు.

"అంకుల్... చేతులు..."

కొబ్బరినూనె వాసనొచ్చింది. ఫెతూ తలకి రాసుకునే నూనె.

టిక్. రెండొందల అయిదు. వేళ్ళు అతని గడ్డం పట్టుకున్నాయి. గదిలో బ్రెట్ తల కొంచెం పక్కకి జరిగింది. తిరగడం కాదు. ఇక్కడుంది... తర్వాత అక్కడుంది. నడుమ ఏమీ లేదు.

టిక్. ఇంకొంచెం.

"అంకుల్, తుడిచెయ్! ఆ నాలుగు నించి పది దాకా... ఆ మీట నొక్కు... చూసేవుగా ఇందాక..."

చూసేడు. అక్షరం రాకపోయినా మీట ఏదో తెలుసు. పెసమినో వంగి దానిమీద వేలు పెట్టేడు.

తెరమీద ఫెతూ చెయ్యి, మట్టంటిన వేలు. నొక్కితే అది పోతుంది. ఈసారి ఇంకెక్కడా ఉండదు.

టిక్. బ్రెట్ మెడ దగ్గర పచ్చికర్ర విరిచినట్టు చప్పుడైంది.

"నొక్కు అంకుల్... నీ కాళ్ళు పట్టుకుంటా..."

"పదింటికి ఆగిపోయేయన్నావు," అన్నాడు పెసమినో గుసగుసగా. "మూడు దాకా ఏం చేసేవు?"

"పని... పని చేసుకున్నా..."

"ఇక్కణ్ణించి ఆ ఎర్రగుడ్డకి ఇరవై అడుగులు లేదు కదరా."

వేలు తీసేసేడు. తీసి, బ్రెట్ కుర్చీ వెనకాలకెళ్ళి నిలబడ్డాడు.

టిక్... టిక్... మాట ఆగిపోయింది. ఒళ్ళో చేతులు ఒళ్ళోనే ఉన్నాయి, పొట్టా మోకాళ్ళూ అటే ఉన్నాయి. ఏడో టిక్కుకి బ్రెట్ మొహం పూర్తిగా వెనక్కొచ్చి పెసమినోని చూసింది. కళ్ళు ఇంకా ఆడుతున్నాయి. చాలాసేపు ఆడేయి. చెంపమీద బొటనవేలి ముద్ర, మెత్తమట్టిలో దిగినట్టు లోతుగా ఉంది.

పెసమినో ఎవర్నీ పిలవలేదు. ముందు కూతుర్ని చూసుకోవాలి. బ్రెట్ కుర్చీని పక్కకి నెట్టి, మొదటి ఫొటో మీద ఒక్క నొక్కు నొక్కేడు. అన్నీ వెనకాలే వచ్చేయి.

తెరమీద చిన్న కుర్చీ ఖాళీగా ఉంది. చెయ్యి దాని పక్కనే ఆనుకునుంది, పని అయిపోయినట్టు. పెసమినో తెరకి చెంప ఆనించేడు. అద్దం వెచ్చగా ఉంది.

"తల్లీ," అన్నాడు. "ఇంక ఎవరూ తుడవరు నిన్ను."

టిక్.

రెండో చెయ్యి వచ్చింది. రెండు చేతులూ అరచేతులు కిందకి పెట్టుకుని, పక్కపక్కనే, అతని వైపు వేళ్ళు చాపేయి. నాన్నని రమ్మంటోంది అనుకున్నాడు. ఏడుస్తూ నవ్వేడు. తనూ రెండు చేతులూ ఎత్తి, వాటికెదురుగా అద్దం మీద పెట్టేడు.

ఒక చెయ్యి సరిగ్గా కుదిరింది. రెండోది కుదరలేదు. బొటనవేలు ఉండాల్సిన పక్క కాక అవతలి పక్కనుంది. తీసి మళ్ళీ పెట్టేడు. మళ్ళీ చూసేడు.

రెండూ ఎడమచేతులే. ఫెతూకి ఉండేది ఒక్కటే.